పదిహేడో ప్యాకెట్

కనెక్షన్ మూసేయడానికి ముందు బ్యూరోలోని కంప్యూటర్ ఇంకేమైనా చేసిందా అని ఆమె నన్ను అడిగింది. మేనేజింగ్ ఎడిటర్ గదిలో నలుగురం ఉన్నాం: ఎడిటర్, కంప్యూటర్ విభాగం చూసే మా బాస్, బ్యూరో రిపోర్టరైన ఆమె, నేను. బల్ల మీద నేను టైపు చేసిన ఒక పేజీ రిపోర్టు ఉంది.

"ఏమీ చేయలేదు. పదిహేడో ప్యాకెట్ పంపింది, తర్వాత కనెక్షన్ మూసేసింది," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆమె కళ్లజోడు తీసి స్వెటర్ అంచుతో తుడుచుకుంది. ఎడిటర్ ఆ కాగితాన్ని ఆమె వైపు జరిపి, ఆరు మంగళవారాలుగా ఆమె వార్త డెడ్‌లైన్ దాటిందనీ, ప్రతిసారీ కనెక్షన్ ఆమె వైపు నుంచే తెగుతోందని ఇప్పుడు రాతలో ఉందనీ చెప్పాడు. గొంతు పెంచలేదు. పై సోమవారం నుంచి ఆమెను బ్యూరో తప్పించి ప్రధాన కార్యాలయంలో సంతాప వార్తల డెస్క్‌కి మార్చారు. పదకొండేళ్లుగా ఆమె నడిపిన బ్యూరో అది.

నేను ఆమెకు చెప్పిన జవాబు తప్పు. ఆ గదిలో ఉన్నంతసేపూ అది తప్పని నాకు తెలియదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు ఊరట కలగదు. ఎందుకంటే తెలియకుండా చేసుకున్నది కూడా నేనే.

నేను అమెరికా వచ్చింది కంప్యూటర్ల కోసం కాదు. మా ఆవిడకి చికాగో దగ్గర ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నాలజిస్టుగా ఉద్యోగం వచ్చింది, ఆమె వెనక నేను వచ్చాను. అప్పటికి విజయవాడలో ఒక దినపత్రికలో ఏడేళ్లు సబ్ఎడిటర్‌గా చేశాను. ఇక్కడ ఆ అనుభవం ఎవరికీ అక్కరలేదు. డెబ్బైల చివర్లో సాయంత్రం కాలేజీలో కంప్యూటర్ కోర్సులు చదివి, ఎనభైల మొదట్లో శివారు ఊళ్లకు వెళ్లే ఒక ఇంగ్లీషు దినపత్రికలో కంప్యూటర్ విభాగంలో చేరాను. వార్త రిపోర్టర్ దగ్గర బయల్దేరి అచ్చు దాకా ఎలా నడుస్తుందో తెలిసినవాడు ఆ విభాగంలో ఇంకొకడు లేడు. అందుకే తీసుకున్నామని మా బాస్ తర్వాత చెప్పాడు.

మా ఇల్లు చికాగో శివారు షామ్‌బర్గ్‌లో. పత్రిక బ్యూరో కూడా అటువైపే, బట్టలుతికే దుకాణానికీ డోనట్ల దుకాణానికీ మధ్య రెండు గదుల్లో ఉండేది. అక్కడ నాలుగు టెర్మినళ్లు, ఒక చిన్న కంప్యూటర్. అక్కడి నుంచి ప్రధాన కార్యాలయంలోని పెద్ద కంప్యూటర్‌కి టెలిఫోన్ కంపెనీ ఇచ్చిన ప్రత్యేకమైన లైను. లైనుకి రెండు కొసల్లోనూ మోడెమ్ అనే పెట్టె. కంప్యూటర్ మాటను టెలిఫోన్ తీగ మోయగలిగే మోతగా మార్చి, అవతల మళ్లీ మాటగా మార్చడం దాని పని.

ఆ బ్యూరోలో ముగ్గురు రిపోర్టర్లు. ఆమె పెద్దది, యాభై దాటింది, అంతకుముందు బడిలో టీచర్. విలేజ్ బోర్డుల, అంటే ఊరి పాలకమండళ్ల, సమావేశాలు ఆమె రాసేది. షాపింగ్ మాల్, మూడు హైవేలు ఉన్న ఊరిని కూడా అక్కడ విలేజ్ అనే అంటారు. ఏ వీధిలో కాలువ పూడ్చారో, ఎవరి దుకాణానికి పర్మిట్ ఆపారో ఆమెకు కంఠతా. మంగళవారం సాయంత్రం ఇళ్ల పన్ను అంచనాల పట్టికతో ఆమె వార్త వచ్చేది. ఆ పట్టిక కోసమే పత్రిక కొనేవాళ్లు ఉన్నారని సర్క్యులేషన్ వాళ్లు అనేవారు.

ఎనభైల మధ్యలో ఒక శీతాకాలం ఆ వార్తలు రావడం మానేశాయి. సగం వచ్చి ఆగేవి. ఆమె స్క్రీన్ మీద కనెక్షన్ మూసివేయబడింది అని కనిపించేది. మళ్లీ పంపేది, మళ్లీ ఆగేది. చివరికి ఫోన్‌లో చదివి వినిపిస్తే ఇక్కడ ఎవరో టైపు చేసేవారు. పట్టికలో అంకెలు తప్పులు పడేవి, మరునాడు సవరణ వేసేవాళ్లు. మిగతా ఇద్దరి వార్తలు మాత్రం చక్కగా వచ్చేవి.

ఆమె మీద ఒక పాత నేరం ఉంది. టెర్మినల్ ప్లగ్ పీకి, అదే సాకెట్‌లో కాఫీ మిషన్ పెట్టుకుంది ఒకసారి. ఆ కథ ఆఫీసులో అందరికీ తెలుసు. మంగళవారం ఫోన్ మోగితే చాలు, "కాఫీ అయిందా?" అని మా విభాగంలో నవ్వేవారు. నేనూ నవ్వాను.

తర్వాత మూడు వారాలు నేను పడ్డ చిరాకు ఇప్పటికీ మర్చిపోలేదు. టెలిఫోన్ కంపెనీ మనిషి వచ్చి, తన పరికరంతో లైను పరీక్షించి, "లైను శుభ్రంగా ఉంది," అన్నాడు. మోడెమ్ అమ్మినవాళ్ల మనిషి వచ్చి, పెట్టె మీద మీట నొక్కి, ఆకుపచ్చ దీపం వెలిగిందని చూపించి, "మా పెట్టె బాగుంది," అన్నాడు. కంప్యూటర్ వాళ్ల మనిషి రానే లేదు. తమ సాఫ్ట్‌వేర్ ఇతర చోట్ల బాగా నడుస్తోందని ఫోన్‌లో చెప్పాడు. ముగ్గురివీ బాగున్నాయి. ఆమె వార్త మాత్రం రాదు.

ఒకసారి టెలిఫోన్ మనిషినీ మోడెమ్ మనిషినీ ఒకే రోజు రప్పించాను. ఇద్దరూ బ్యూరోలో ఎదురుబొదురుగా కూర్చుని డోనట్లు తిన్నారు, ఒకరి పనిని ఒకరు మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. ఆమె నా వైపు చూసి, "వీళ్లిద్దరికీ పెళ్లి చేసేద్దాం, కనెక్షన్ నిలబడుతుందేమో," అంది.

చివరికి ఒక లైన్ మానిటర్ అద్దెకు తెచ్చాను. సూట్‌కేసంత పెట్టె, చిన్న ఆకుపచ్చ తెర. కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య తగిలిస్తే, అటూ ఇటూ పోయే ప్రతిదాన్నీ టైముతో సహా రాసుకుంటుంది. ఆ రాతను ట్రేస్ అనేవాళ్లం. అది చదవడం కష్టమేమీ కాదు. కంప్యూటర్ వార్తను ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ నంబరు వేసి పంపుతుంది, ఆ ముక్కే ప్యాకెట్. అవతలి కంప్యూటర్ ఒక్కో నంబరుకీ అందిందని జవాబు రాస్తుంది, రిజిస్టరు పోస్టుకి సంతకం పెట్టి పంపినట్టు. జవాబు రాకపోతే ఇవతలి కంప్యూటర్ నాలుగైదు సెకన్లు ఆగి అదే ముక్కను మళ్లీ పంపుతుంది. పది సార్లు మళ్లీ పంపినా జవాబు లేకపోతే ఇక లాభం లేదని కనెక్షన్ మూసేస్తుంది.

వరసగా మూడు మంగళవారాలు పట్టాను. ఆఖరి ట్రేస్ ప్రింటు తీస్తే మడతల కాగితం నేల మీద పరుచుకుంది. మా బాస్ దాన్ని కాలితో పక్కకి జరిపి, "ఎడిటర్ ఇది చదువుతాడా? ఒక్క పేజీ ఇవ్వు," అన్నాడు.

ఒక్క పేజీకి కుదించడం నాకు వచ్చిన పని. విజయవాడలో మా చీఫ్ సబ్ఎడిటర్ వార్తా ఏజెన్సీ కాపీ నా ముందు పడేసి, "చెప్పిందే చెప్తే కొట్టెయ్," అనేవాడు. చేత్తో అక్షరాలు పేర్చే రోజులు. ఒక లైను ఎక్కువైతే కంపోజింగ్ సెక్షన్ నుంచి కేక వచ్చేది: "ఏం సార్, మా వేళ్లు ఊడిపోవాలా?" ఏడేళ్లలో నా చెయ్యి దానంతట అదే పని చేయడం నేర్చుకుంది. ఒకే వాక్యం రెండోసారి కనబడితే అర్థం చూడకముందే ఎర్ర పెన్సిల్ గీత పడిపోయేది.

మడతల కాగితం మీద కూడా అలాగే చేశాను. ఒకేలా ఉన్న లైన్లలో ఒకటి ఉంచి మిగతావి కొట్టేశాను. టైములో సెకన్లు తీసేసి గంట, నిమిషం ఉంచాను. పత్రికలో సెకన్లు ఎవరికి కావాలి? ప్యాకెట్‌లో ఉన్న అక్షరాల గడి పూర్తిగా తీసేశాను, ఆమె వార్తలో ఏముందో మా విభాగానికి సంబంధం లేదనుకుని. మిగిలింది శుభ్రంగా టైపు చేశాను. పదహారో ప్యాకెట్ వెళ్లింది, జవాబు వచ్చింది. పదిహేడో ప్యాకెట్ వెళ్లింది. బ్యూరో వైపు నుంచి కనెక్షన్ మూసివేత. కింద నా పొడి అక్షరాలు.

మా బాస్ చదివి, "ఇదీ రిపోర్టంటే," అన్నాడు. నాకు సంతోషమేసింది. అమెరికాలో నా రాతను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఎడిటర్ గదిలో ఆమె అడిగిన ప్రశ్న ఆ వారమంతా నన్ను సతాయించింది. జవాబు తప్పని కాదు. ఆ ప్రశ్న అడగాలని నాకు ఎందుకు తట్టలేదా అని. శనివారం పొద్దున మడతల కాగితం ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాను. మా ఆవిడ ఉప్మా గిన్నె పెట్టడానికి చోటు వెతుక్కుంటూ దాన్ని ఎత్తి చూసింది.

"ఏవండీ, ఈ లైన్లన్నీ ఎందుకు కొట్టేశారు?"

"రిపీట్ అయ్యాయి."

"రిపీట్ అయితే?"

"అన్నీ ఒకటే. అదే నంబరు, అదే మాటర్. ఎడిటర్‌కి బోర్ కొట్టదూ?"

"మా ల్యాబ్‌లో ఒకే శాంపిల్ మూడుసార్లు రన్ చేస్తే మూడు రీడింగులూ రాయాలి. ఒకటే రాసి ఇచ్చామనుకోండి, సూపర్‌వైజర్ మమ్మల్ని ఫైర్ చేసేస్తుంది."

"మూడూ ఒకటే వస్తే?"

"అయినా రాయాలి. మొదటిసారి సరిగ్గా వస్తే రెండోసారి ఎందుకు రన్ చేశారని డాక్టర్ అడగడూ?" గిన్నె కాగితం మీదే పెట్టేసింది. "మీ మిషన్‌కి మాత్రం పనీపాటా లేక అదే లైను పంపిందా అన్నిసార్లు?"

గిన్నె జరిపి లెక్కపెట్టాను. పదిహేడో ప్యాకెట్ పదకొండు సార్లు ఉంది. ఒకటి మొదటిది, పది మళ్లీ పంపినవి. వాటి మధ్య నాలుగేసి సెకన్ల ఎడం, అన్నీ ఒకే నిమిషంలో. అంటే మూసేసింది ఆమె కాదు, కాఫీ మిషనూ కాదు. బ్యూరో కంప్యూటర్ పదకొండు సార్లు తలుపు కొట్టి, అవతల ఎవరూ పలక్కపోతే వెనక్కి తిరిగింది. ఆ పదకొండు లైన్లే మొత్తం వార్త. పది కొట్టేసి నేను ఒకటి ఉంచాను.

ఉప్మా చల్లారిపోయింది. అక్షరాల గడిలో చూస్తే పదిహేడో ప్యాకెట్ నిండా చుక్కలు. ఇంటి నంబరుకీ పన్ను అంకెకీ మధ్య చూపు జారకుండా ఆమె వరసగా చుక్కలు కొట్టేది. అంతకుముందు రెండు మంగళవారాల ట్రేసులు కూడా తీశాను. ఒకచోట తొమ్మిదో ప్యాకెట్, ఒకచోట ఇరవై రెండు. ఆగిన ప్రతిచోటా పట్టిక మొదలయ్యే చోటే, చుక్కల దగ్గరే. మిగతా ఇద్దరు రిపోర్టర్లు పట్టికలు రాయరు.

సోమవారం నేనే బ్యూరోకి వెళ్లాను. ఒక పేజీ మామూలు మాటలు పంపితే వెళ్లింది. ఒక పేజీ చుక్కలు పంపితే ఆగింది. చుక్కల బదులు అడ్డగీతలు పెడితే వెళ్లింది. మానిటర్‌ని ప్రధాన కార్యాలయానికి మార్చి, బ్యూరోలోని కుర్ర రిపోర్టర్‌కి ఫోన్ చేసి మళ్లీ చుక్కలు పంపమన్నాను. అక్కడి ట్రేసులో ఆ ప్యాకెట్ అసలు కనబడలేదు. రెండు మోడెమ్‌లకీ మధ్య ఎక్కడో మాయమవుతోంది. మళ్లీ పంపినా అవే చుక్కలు కాబట్టి మళ్లీ మాయమవుతోంది.

టెలిఫోన్ మనిషిని పిలిచాను. "నా టెస్ట్ పాస్ అయింది కదా," అన్నాడు. మీ టెస్టులో చుక్కలు లేవన్నాను. టెస్టులో ఏముండాలో తమ కంపెనీ నిర్ణయించిందనీ, చుక్కలు మోడెమ్ గొడవ అనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు. మోడెమ్ వాళ్లు చుక్కలు లైను గొడవ అన్నారు.

ఆ మోడెమ్ కంపెనీలోనే వరంగల్ నుంచి వచ్చిన ఇంజినీర్ ఒకతను పనిచేసేవాడు. తలా ఒక వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ల పాట్‌లక్ భోజనాల్లో కలిసేవాళ్లం. ఇంటికి వెళ్లి ట్రేసులు చూపించాను. చాలాసేపు చూశాడు.

"అన్నా, ఇసొంటి కంప్లైంట్ ఇంకొకటి విన్న. ఒకే క్యారెక్టర్, గీ చుక్క లెక్క, లైనుగ వస్తె మా బాక్స్ పరేషాన్ అయితదని."

"అది రాసివ్వు తమ్ముడూ. ఒక్క పేరా చాలు."

"నేనా? నా గ్రీన్ కార్డ్ పెండింగ్‌ల ఉన్నది. కంపెనీయే కదా స్పాన్సర్!"

"ఒక మనిషి జాబ్ పోయింది నా వల్ల."

"జాబ్ పోలే గద అన్నా, డెస్క్ మారింది. నాది పోతే ప్లేన్ ఎక్కుడే." ట్రేసులు మడిచి నా చేతిలో పెడుతూ, "విన్న అన్న గని, చూసిన అన్లే. అది టెలిఫోన్ వాళ్లదే కావొచ్చు. నా పేరు ఎక్కడ రాయకు, సరేనా?" అన్నాడు.

పేరు చెప్పని మనిషి ఎవరి దగ్గరో విన్న మాట. పత్రికలోనే వెయ్యలేనిది, ఎడిటర్ ముందు ఎలా పెడతాను? పెట్టలేదు. అతని మీద కోపం వచ్చింది, రావడానికి నాకేం హక్కుందని నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

నాకు తెలిసినంత మాత్రం రెండో రిపోర్టుగా రాశాను. ఈసారి పదకొండు లైన్లూ సెకన్లతో సహా ఉంచాను. మొదటి రిపోర్టు తప్పనీ, కుదింపులో తప్పు నాదేననీ పైనే పెట్టాను. మా బాస్ రెండుసార్లు చదివాడు.

"బాగా పొడుగైంది," అన్నాడు.

"పొడుగే కావాలి."

"చూడు, కొత్త రిపోర్టర్‌కి చుక్కలు పెట్టొద్దన్నాం, ఖాళీలు పెడుతున్నాడు. రెండు వారాలుగా వార్త టైముకి వస్తోంది. ఇక సమస్య ఎక్కడుంది?"

"ఆమెను మార్చారు కదా."

"అది న్యూస్‌రూమ్ వాళ్ల సంగతి. మనది లైను."

నేనే ఎడిటర్ దగ్గరకి తీసుకెళ్లాను. నిలబడే చదివాడు. పేజీ రెండులో రోజూ సవరణలు వేస్తాం, ఇది కూడా సవరణే అన్నాను. "పాఠకులకు వేస్తాం," అన్నాడు. కాగితం మూల మీద సంతకం గిలికి, చూశాను అని రాసి నా చేతికే ఇచ్చాడు. బ్యూరోకి కొత్త మనిషి వచ్చేశాడు, ఇల్లు కూడా అద్దెకు తీసుకున్నాడు. అతన్ని ఇప్పుడు ఎక్కడికి పంపాలని నన్నే అడిగాడు.

సంతాప వార్తల డెస్క్ రెండో అంతస్తులో కిటికీ లేని మూల. ఆమె చెవికి ఫోన్ ఆనించుకుని, చనిపోయిన ఎవరి పేరో ఒక్కో అక్షరం చెప్పించుకుంటోంది. ఆ పేరు అవతలి వాళ్ల చేత మరోసారి చెప్పించుకుంది. ఫోన్ పెట్టాక కాగితం ఇచ్చాను. వేలు పెట్టి లైన్లు లెక్కపెట్టింది.

"పదకొండు."

"అవును."

"మీరు ఆ రోజు ఏమీ చేయలేదన్నారు."

"తప్పు చెప్పాను."

"నేను కూడా సిటీ డెస్క్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను ఆ రోజు. అది కూడా ఎవరో కొట్టేసే ఉంటారు." నవ్వలేదు. "దీన్ని నా ఫైలులో పెట్టించండి."

పెట్టించడానికి వెళ్లాను. సిబ్బంది ఫైలులో ఏ కాగితమైనా చేరాలంటే ఆ విభాగాధిపతి పంపాలట. మా బాస్ ఎడిటర్ పంపాలన్నాడు. ఎడిటర్, ఇది సాంకేతిక కాగితం కాబట్టి మా బాస్ పంపాలన్నాడు. మా వైపు అంతా బాగానే ఉందని చెప్పిన ముగ్గురు మనుషులు నాకు గుర్తొచ్చారు. ఐదుసార్లు మెమో పంపాను. తర్వాత ఆ కాగితాన్ని మా బాస్ లైను ఫైలులో గుచ్చేశాడు, ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా అని. నేను ఆరోసారి అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆమె రిటైరయ్యేదాకా ఆ మూలలోనే పనిచేసింది. ఆఖరి రోజున అందరూ కేక్ తింటుంటే నా దగ్గరకి వచ్చి, సిబ్బంది విభాగంలో తన ఫైలు అడిగి చూశానని చెప్పింది. నా పొడి అక్షరాలున్న కాగితం ఒకటి ఉందట. ఏదని అడిగాను.

"ఒక్క పేజీది," అంది.

లైను ఫైలు కోసం ఆ మరునాడు వెతికాను. కొత్త సిస్టమ్ వచ్చినప్పుడు పాత లైను తీసేశారు, మోడెమ్‌లతో పాటే ఆ ఫైలూ పోయింది. చుక్కలు మింగింది మోడెమో టెలిఫోన్ తీగో ఎవరూ రాసివ్వలేదు. ఆ పత్రికలో మిగిలిన రాత ప్రకారం, ఆ మంగళవారం నాలుగూ యాభై రెండుకి కనెక్షన్ మూసేసింది ఆమె వైపు నుంచే.